కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, అట్లాంటా: హెల్మెట్ల గోడ కన్నా పై ఫ్లోర్‌కే నా ఓటు

అట్లాంటా డౌన్‌టౌన్‌కి చుట్టాల్ని తీసుకెళ్తే మనోళ్ళందరిదీ ఒకటే రూటు, అక్వేరియం, కోకా కోలా, సెంటెనియల్ పార్క్‌లో నాలుగు ఫొటోలు, ఇంక ఇంటికి. అక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే మారియెట్టా స్ట్రీట్ మీద కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది, కాలేజీల్లో అమెరికన్ ఫుట్‌బాల్‌తో పేరు తెచ్చుకున్న ప్లేయర్ల, కోచ్‌ల మ్యూజియం అన్నమాట, దాన్ని మాత్రం చాలామంది "ఆ గేమ్ మనకేం అర్థమవుతుందిలే" అని వదిలేస్తారు. నేనైతే సగం రోజు పెట్టుకుని వెళ్ళమనే చెప్తా. రూల్స్ రాకపోయినా ఏం పర్లేదు, ఇరవై రెండేళ్ళకే దేశమంతా పేరు మోగిపోయిన కుర్రాళ్ళు ఆ తర్వాత ఏమయ్యారు అనే కథ కోసం వెళ్ళండి, అది ఎవరికైనా పట్టేస్తుంది.

ముందు బేసిక్స్. ఇది ఒకప్పుడు ఇండియానాలో సౌత్ బెండ్‌లో ఉండేది, 2014 ఆగస్టు నుంచి అట్లాంటాలో ఉంది. లోపలికి వెళ్ళగానే మెడలో వేసుకునే పాస్ ఇస్తారు, అందులో చిప్ ఉంటుంది, మీ కాలేజీ ఏదో దాంట్లో రిజిస్టర్ చేసుకోవాలి. అది అయ్యాక ఎదురుగా మూడంతస్తుల గోడ, దాని మీద 700కి పైగా కాలేజీల హెల్మెట్లు, వాటిలో మీ కాలేజీ హెల్మెట్ ఒక్కటీ వెలుగుతుంది. ఇక్కడ ఎంఎస్ చేసినవాళ్ళకి ఆ క్షణం నిజంగా బావుంటుంది. పెద్ద పెద్ద యూనివర్సిటీలే కాదు, మనం పేరు కూడా వినని చిన్న చిన్న కాలేజీలవి కూడా ఉంటాయి ఆ గోడ మీద, నాకు అది చాలా నచ్చింది.

కింద ఫ్లోర్ మొత్తం పిల్లలదే. 45 గజాల టర్ఫ్ ఉంది లోపలే, బాల్ విసరొచ్చు, గోల్ పోస్ట్‌కి కిక్ కొట్టొచ్చు. ఇవి కాక హాల్‌లో కాలేజీ పాట పాడే కరవోకే, స్క్రీన్ మీద ముఖానికి రంగులు వేసుకునేది, ఇలాంటివి ఉన్నాయి. పిల్లలు ఉంటే ఇక్కడి నుంచి కదలరు, కాబట్టి ముందే పై ఫ్లోర్ చూసేసి తర్వాత ఇక్కడికి తీసుకురండి, లేకపోతే పైన అస్సలు టైమ్ మిగలదు.

నేను చెప్పాలనుకున్నది ఆ పై ఫ్లోర్ గురించే. హాల్‌కి ఎంపికైన ప్లేయర్లు వెయ్యికి పైనే, కోచ్‌లు రెండొందలకి పైనే, వాళ్ళ వివరాలన్నీ టచ్ స్క్రీన్ల మీద ఉంటాయి. మాతో మా మామయ్యగారు వచ్చారు, గుంటూరు జిల్లాలో హైస్కూల్ పీఈటీగా చేసి రిటైర్ అయ్యారు, వాలీబాల్, కబడ్డీ టీములు తయారుచేసిన మనిషి. ఆయనకి ఈ గేమ్ గురించి ఏమీ తెలీదు, కానీ హెల్మెట్ల గోడ దగ్గర నిలబడి ఒకటే అడిగారు, "బాబూ, ఇన్ని కాలేజీల్లో ఇంతమంది ఆడతారు సరే, చదువు అయిపోయాక వీళ్ళ బతుకుతెరువు ఏంటి?" అని. ఆ ప్రశ్న పట్టుకునే మేం పై ఫ్లోర్ అంతా తిరిగాం.

కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ లెక్క ప్రకారమే కాలేజీలో ఆడేవాళ్ళలో ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ దాకా వెళ్ళేది వందకి ఇద్దరు కూడా కాదు. ఆ లీగ్ టీములు కాలేజీ ప్లేయర్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఏడు రౌండ్లు, మొత్తం కలిపి ఏడాదికి సుమారు 260 మందే. వెళ్ళినవాళ్ళు కూడా సగటున మూడేళ్ళ చిల్లర ఆడతారని ప్లేయర్ల యూనియన్ చెప్తుంది. అంటే పాతికేళ్ళకి రిటైర్మెంట్ అన్నమాట! మామయ్యగారికి ఇది చెప్తే కాసేపు మాట్లాడలేదు.

సరే ఇప్పుడు పేర్లు. హర్షెల్ వాకర్ జార్జియా యూనివర్సిటీలో 1982లో హైస్మన్ ట్రోఫీ కొట్టాడు, అంటే ఆ ఏడాది దేశంలో బెస్ట్ కాలేజ్ ప్లేయర్. ఎన్ఎఫ్ఎల్ కోసం ఆగకుండా యూఎస్ఎఫ్ఎల్ అనే పోటీ లీగ్‌కి వెళ్ళిపోయాడు, ఆ లీగ్ మూతపడ్డాక ఎన్ఎఫ్ఎల్‌లో డాలస్ కౌబాయ్స్‌కి వచ్చాడు, 1989లో అతన్ని మిన్నెసోటా టీమ్‌కి ఇచ్చి డాలస్ వాళ్ళు బోలెడన్ని డ్రాఫ్ట్ పిక్‌లు, అంటే డ్రాఫ్ట్‌లో ప్లేయర్లని ఎంచుకునే వంతులు, తీసుకున్నారు, ఆ పిక్‌లతోనే తర్వాత వాళ్ళ టీమ్ నిలబడింది. వాకర్ ఈ హాల్‌లో ఉన్నాడు, ఒహాయోలో కాంటన్‌లో ఉన్న ప్రొఫెషనల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో లేడు. చార్లీ వార్డ్ కథ ఇంకా విచిత్రం, ఫ్లోరిడా స్టేట్‌లో 1993 హైస్మన్ కొట్టాడు, ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క టీమ్ కూడా అతన్ని డ్రాఫ్ట్ చెయ్యలేదు, అతను న్యూయార్క్ నిక్స్‌కి వెళ్ళి ఏళ్ళ తరబడి బాస్కెట్‌బాల్ ఆడాడు, తర్వాత స్కూల్ పిల్లలకి బాస్కెట్‌బాల్ కోచ్ అయ్యాడు. దేశంలోనే బెస్ట్ ఫుట్‌బాల్ ప్లేయర్ అనిపించుకుని ప్రొఫెషనల్‌గా ఆడింది ఇంకో ఆట, ఇది నాకు ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు.

మామయ్యగారు ఆగిపోయింది మాత్రం కోచ్‌ల దగ్గర. ఆటగాడిగానూ కోచ్‌గానూ రెండు విధాలా ఈ హాల్‌కి ఎంపికైనవాళ్ళు నలుగురే, ఆమోస్ అలోంజో స్టాగ్, బాబీ డాడ్, బౌడెన్ వయట్, స్టీవ్ స్పరియర్. బాబీ డాడ్ అనగానే మాకు వెలిగింది, జార్జియా టెక్ స్టేడియం పేరు అదే కదా! టెనెసీలో క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బాల్ విసిరి ఆట నడిపించేవాడిగా, ఆడాడు, తర్వాత జార్జియా టెక్‌కి 1945 నుంచి 1966 దాకా హెడ్ కోచ్. ఆయన పేరు పెట్టిన గ్రౌండ్ పక్కనుంచే మా మేనకోడలు రోజూ క్లాసులకి వెళ్తుంది. మామయ్యగారు ఆ స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కో ఫొటో జరుపుకుంటూ, కళ్ళజోడు పైకి ఎత్తి దగ్గరికి వంగి మరీ చూశారు, "ఒక్క కాలేజీకే ఇరవై రెండు సీజన్లా" అని పైకే అనుకున్నారు. ఆయన కూడా ట్రాన్స్‌ఫర్లు వద్దనుకుని ఒకే ఊళ్ళో ఏళ్ళ తరబడి ఉన్న మనిషి.

స్పరియర్ కెరీర్ అయితే ఈ ఆట గురించి ఏమీ తెలియనివాళ్ళకి కూడా చెప్పొచ్చు. ఫ్లోరిడాలో 1966 హైస్మన్, ఎన్ఎఫ్ఎల్‌లో శాన్ ఫ్రాన్సిస్కో టీమ్‌కి ఎక్కువ ఏళ్ళు బ్యాకప్ క్వార్టర్‌బ్యాకే, చివర్న 1976లో టాంపా బే టీమ్‌కి ఆడితే ఆ టీమ్ 14కి 14 మ్యాచ్‌లూ ఓడింది. ప్లేయర్‌గా అక్కడితో అయిపోయింది. ఆ మనిషే మళ్ళీ ఫ్లోరిడాకి కోచ్‌గా వచ్చి 1996లో నేషనల్ టైటిల్ తెచ్చాడు! తర్వాత ఎన్ఎఫ్ఎల్‌లో వాషింగ్టన్‌కి కోచ్‌గా వెళ్తే రెండు సీజన్లలో 12 గెలుపులు, 20 ఓటములు, తిరిగి కాలేజీకే వచ్చి సౌత్ కెరొలైనాలో చేశాడు. అంటే ఆ మనిషికి ఆడటంలో అయినా నేర్పటంలో అయినా కాలేజీయే అచ్చొచ్చింది, ఎన్ఎఫ్ఎల్ రెండుసార్లూ కలిసిరాలేదు.

ఇక్కడ ఒక విషయం తెలుసుకుని వెళ్తే హాల్ బాగా అర్థమవుతుంది. వీళ్ళ రూల్ ఏంటంటే లెక్కలోకి వచ్చేది కాలేజీలో చేసిందే, ప్రొఫెషనల్‌గా ఎంత ఆడినా దాన్ని చూడరు. ప్లేయర్ కనీసం ఒక్కసారైనా ఫస్ట్ టీమ్ ఆల్ అమెరికన్, అంటే ఆ ఏడాది దేశంలోని బెస్ట్ కాలేజీ ప్లేయర్ల జాబితాలో, అయ్యుండాలి. అందుకే ఏడు సూపర్ బౌల్‌లు (ఎన్ఎఫ్ఎల్ ఫైనల్స్) గెలిచిన టామ్ బ్రేడీ ఇందులో లేడు, మిషిగన్‌లో ఆడినప్పుడు అతనికి ఆ గుర్తింపు రాలేదు, 2000 డ్రాఫ్ట్‌లో 199వ పేరుగా వెళ్ళాడు. కోచ్‌లకైతే పదేళ్ళు హెడ్ కోచ్‌గా, వంద మ్యాచ్‌లు, నూటికి అరవై గెలుపులు ఉండాలి, ఆ అరవైని 2027 నుంచి 59.5కి తగ్గించారు. ఈ రూల్ సరైందే అని నా అభిప్రాయం, లేకపోతే ఇది కూడా కాంటన్ లాంటిదే ఇంకోటి అయ్యేది, చార్లీ వార్డ్‌కి చోటే ఉండేది కాదు. కానీ మామయ్యగారు అడిగిన ప్రశ్నకి పూర్తి జవాబు కావాలంటే మాత్రం ఫోన్ తీసి పక్కన వెతుక్కుంటూ చూడాలి, మేం అదే చేశాం, అలా చూస్తేనే మజా.

అలా వెతికితేనే కోచ్‌ల మెట్లు తెలుస్తాయి. కిర్బీ స్మార్ట్‌ని తీసుకోండి, జార్జియా యూనివర్సిటీలో డిఫెన్స్ ఆడాడు, ఎవరూ డ్రాఫ్ట్ చెయ్యలేదు, 1999లో ఎన్ఎఫ్ఎల్ టీమ్ ఇండియానాపొలిస్ కోల్ట్స్ క్యాంప్‌కి వెళ్తే సీజన్ మొదలవకముందే తీసేశారు. వాల్డోస్టా స్టేట్ అనే చిన్న కాలేజీలో కోచింగ్ మొదలుపెట్టి, తర్వాత ఫ్లోరిడా స్టేట్‌లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరాడు, ఇది మనోళ్ళ టీఏ, ఆర్ఏ పోస్టుల లాంటిదే, ఫీజు వాళ్ళు కడతారు, చేతికి కొంచెం స్టైపెండ్ ఇస్తారు, గొడ్డుచాకిరీ చేయిస్తారు. ఆ తర్వాత కొన్నేళ్ళకి అలబామాలో డిఫెన్స్ కోఆర్డినేటర్, అక్కడి నుంచి సొంత కాలేజీకి హెడ్ కోచ్, 2021, 2022 సీజన్లకి వరసగా నేషనల్ టైటిల్స్. అలబామాలో అతని బాస్ నిక్ సేబన్ కూడా అంతే, కెంట్ స్టేట్‌లో ఆడాడు, ప్లేయర్‌గా ప్రొఫెషనల్ లీగ్ ముఖమే చూడలేదు, అక్కడే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా మొదలుపెట్టి ఏడు నేషనల్ టైటిల్స్ దాకా వెళ్ళాడు. 2024 జనవరిలో రిటైర్ అయితే 2025 బ్యాచ్‌లోనే హాల్‌కి ఎంపిక చేశారు.

అదే 2025 బ్యాచ్‌లో మైకెల్ విక్ కూడా ఉన్నాడు. అట్లాంటాలో ఎక్కువ కాలంగా ఉన్నవాళ్ళకి ఈ పేరు చెప్పక్కర్లేదు. వర్జీనియా టెక్ నుంచి 2001 డ్రాఫ్ట్‌లో మొదటి పేరుగా అట్లాంటా ఎన్ఎఫ్ఎల్ టీమ్ ఫాల్కన్స్‌కి వచ్చాడు, కుక్కల పందేల కేసులో 2007లో జైలుకి వెళ్ళాడు, బయటికొచ్చాక ఫిలడెల్ఫియాలో మళ్ళీ ఆడాడు, 2024 చివర్లో నార్ఫోక్ స్టేట్ అతన్ని హెడ్ కోచ్‌గా తీసుకుంది. అంతకుముందు కాలేజీలో కోచింగ్ చేసిన అనుభవమే లేదు. స్మార్ట్ ఎక్కిన మెట్లు ఒక్కటి కూడా ఎక్కకుండా నేరుగా పైకి. పెద్ద పేరున్న ప్లేయర్‌కి ఆ దారి ఒకటి ఉంది, డీయాన్ శాండర్స్ కూడా కాలేజీ కోచింగ్ జాక్సన్ స్టేట్‌లో నేరుగా హెడ్ కోచ్‌గానే మొదలుపెట్టి తర్వాత కొలరాడోకి వెళ్ళాడు. మామయ్యగారు దీనికి ఒప్పుకోలేదు, "బాగా ఆడినోడు బాగా నేర్పుతాడని ఎక్కడుంది బాబూ, ఓపిక ఉండాలి" అన్నారు. నేనూ ఆయన వైపే. కానీ శాండర్స్ వల్ల జాక్సన్ స్టేట్ లాంటి నల్లజాతి వాళ్ళ చారిత్రక కాలేజీ పేరు దేశమంతా వినపడింది, అది చిన్న విషయం కాదు అని ఆయనతో వాదించా కూడా.

రేటింగ్ అంటే ఐదుకి నాలుగున్నర ఇస్తా. పిల్లలకి కింద ఫ్లోర్ చాలు, పెద్దవాళ్ళకి పై ఫ్లోర్, ఈ దేశంలో కాలేజీకి ఆటకి ఎంత ముడి ఉందో ఇంతకంటే తేలిగ్గా చూపించే చోటు నాకు తెలీదు. హైస్కూల్లో ఆడే పిల్లలున్నవాళ్ళు మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి, స్కాలర్‌షిప్ వస్తే చాలు లైఫ్ సెటిల్ అనుకునేవాళ్ళు ఉన్నారు మన గ్రూపుల్లో, వార్డ్, స్పరియర్, స్మార్ట్ ఈ ముగ్గురి కథలూ పిల్లల పక్కన నిలబడి చెప్పండి. టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకోండి, డౌన్‌టౌన్‌లో మ్యాచ్ గానీ కచేరీ గానీ ఉన్న రోజు అయితే కారు వద్దు, మార్టా ట్రైన్ ఎక్కండి. పెద్దవాళ్ళు వస్తే స్క్రీన్ల దగ్గర తొందరపెట్టకండి, ఒక పేరు కొట్టి వాళ్ళ చేతికి వదిలెయ్యండి, మొదటి పేరు బాబీ డాడ్ పెట్టండి.