అమ్మే మొక్క గురించి నిజం చెప్పే నర్సరీ

తాడేపల్లి వైపు హైవే పక్కనున్న ఈ నర్సరీకి నాలుగు స్టార్లు. బేరం పోతుందని తెలిసి కూడా ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఇక్కడున్నాడు, అందుకే రాస్తున్నాను.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. ఏప్రిల్‌లో వాళ్ళ వీధి పొడుగునా ఫోర్సీథియా పొదలు పూస్తాయి. అప్పటికి కొమ్మకి ఆకే ఉండదు, మొదలు నుంచి కొస దాకా నాలుగు రేకుల పసుపు పూలే. ఆ ఫోటోలు చూసినప్పటి నుంచీ పటమటలో మా గేటు పక్కన అలాంటి పొద ఒకటి ఉండాలని నాకు ఒకటే ఆశ. ఫోను చూపించి అడిగాను. నర్సరీ ఆయనది గోదావరి వైపు నర్సరీలకు పేరుపడ్డ కడియం. చూడగానే, "ఆయ్, అదిక్కడ పూయదండి. చలికాలం గట్టిగా చలి తగిలితేనే దాని మొగ్గ విచ్చుతుంది. మన బెజవాడలో అంత చలెక్కడిదండి?" అన్నాడు.

ఇంటికొచ్చి చదివితే అదే నిజం. అది మల్లె, పారిజాతం ఉన్న కుటుంబంలోదే. ఎక్కువ రకాలు చైనా, కొరియాల వైపువి. మంచును తట్టుకుంటుంది కానీ మన రోహిణి కార్తె ముందు నిలవదు. ఆన్‌లైన్‌లో ఒకచోట "ఏ వాతావరణంలోనైనా పెరుగుతుంది" అని రాసి మరీ అమ్ముతున్నారు. దయచేసి కొనకండి.

ఆయన ఇచ్చింది టెకోమా. కవరుతో 150 రూపాయలు. గంటల్లాంటి పసుపు పూలు, గుత్తులు గుత్తులుగా. ఎండ ఎంత ఉంటే అంత పూత. నీళ్ళు బాగా తగ్గితే ఆకు రాల్చేస్తుంది, మళ్ళీ తడి తగలగానే చిగురేస్తుంది. మొన్న మే నెల ఎండల్లో పక్కింటి గులాబీలు మాడిపోయినా ఇది చెక్కుచెదరలేదు.

నాటే పద్ధతి ఆయన చేసి చూపించాడు, ఈ భాగం మాత్రం జాగ్రత్తగా చదవండి. కడియం మొక్కలకు వేళ్ళ చుట్టూ ఎర్రమట్టి ముద్ద గట్టిగా బిగుసుకుని ఉంటుంది. అలాగే పాతితే పోసిన నీళ్ళు పక్కనుంచి జారిపోతాయి, లోపల వేరు ఎండిపోతుంది. కవరు కోసి, ముద్దని బకెట్ నీళ్ళలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచాడు. తర్వాత బొటనవేళ్ళతో పైమట్టి మాత్రం మెల్లగా రాల్చాడు, లోపలి వేళ్ళు కదలనివ్వలేదు. మాది నల్లమట్టి అని చెబితే ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి గుంట కాస్త మెరక చేయమన్నాడు. వానాకాలం నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుందట.

కత్తిరింపు గురించి కూడా చెప్పాడు. టెకోమా కొత్త చిగురు మీద పూస్తుంది కాబట్టి ఒక విడత పూత అయిపోగానే కొసలు కత్తిరిస్తే మళ్ళీ పూస్తుంది. ఫోర్సీథియా అలా కాదు, నిరుడు పెరిగిన కొమ్మ మీద పూస్తుంది. పూలు రాలగానే కత్తిరించుకోవాలి, ఆలస్యం చేస్తే వచ్చే ఏడాది పూత పోయినట్టే. ఇది మా అమ్మాయికీ పనికొచ్చింది. టెకోమాకి జానెడు పొడవు సన్న కాయలు కాస్తాయి, వాటినీ తీసేయండి. ఎండి పగిలితే రెక్కల గింజలు ఎగిరి వీధంతా మొలుస్తాయి. కొన్ని దేశాల్లో ఇది కలుపై కూర్చుంది.

పొద్దున్నే నల్ల తుమ్మెదలు వస్తాయి. పువ్వులో దూరకుండా అడుగున చిల్లు పొడిచి తేనె తాగి పోతాయి. కాఫీ పట్టుకుని అక్కడే నిలబడిపోతాను.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, వీళ్ళమ్మే కుండీ మట్టి మిశ్రమంలో కొబ్బరిపొట్టే ఎక్కువ, ఎరువు తక్కువ. ఆ డబ్బుకి అది తగదు. మొక్కలకు పేర్ల చీటీలు కూడా లేవు. ఆదివారం సాయంత్రం జనం ఎక్కువ, ఆయనతో మాట్లాడే వీలుండదు. మామూలు రోజుల్లో పొద్దున పది లోపు వెళ్ళండి.