గేమ్‌లకు హార్డ్ డిస్కా, సాటా ఎస్‌ఎస్‌డీనా, ఎన్‌వీఎంఈనా: ఏది మేలు?

"ఎస్‌ఎస్‌డీ వేసుకోన్నా, గేమ్ ఎగిరిపోతాది" అనే మాట తిరుపతి కంప్యూటర్ షాపుల్లో తరచూ వినపడేదే. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవు. దాన్ని కంప్యూటర్‌కు కలిపే పాత పద్ధతి సాటా, వేగమైన కొత్త పద్ధతి ఎన్‌వీఎంఈ. నిజానికి ఎగిరిపోయేది లోడింగ్ స్క్రీన్ మాత్రమే, ఎఫ్‌పీఎస్ పెరగదు. సెకనుకు ఎన్ని ఫ్రేములు పడాలో తేల్చేది గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్. 45 ఎఫ్‌పీఎస్ వచ్చే సిస్టమ్‌కు ఎంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీ తగిలించినా వచ్చేది ఆ 45 దగ్గరే.

మరి హార్డ్ డిస్కు తీసేశాక గేమ్ హాయిగా ఆడుతున్నట్టు ఎందుకుంటుంది? మధ్యలో వచ్చే జర్కులు తగ్గుతాయి కాబట్టి. జీటీఏ 5 లాంటి ఓపెన్ వరల్డ్ గేమ్‌లు మనం ఆడుతుండగానే డిస్కు నుంచి ఫైళ్లు లాగుతుంటాయి. కారు గట్టిగా తోలితే ముందు రోడ్డు రాకపోవడం, బిల్డింగులు మొదట మసగ్గా ఉండి తర్వాత తేటపడటం డిస్కు వెనకబడిన లక్షణాలు. 7200 ఆర్‌పీఎం (నిమిషానికి 7200 సార్లు తిరిగే) హార్డ్ డిస్కులో హెడ్డు, అంటే డేటా చదివే ముల్లు, ఒక ఫైలు దగ్గర్నుంచి ఇంకో ఫైలు దగ్గరికి జరిగి చదవడం మొదలుపెట్టాలంటే 10 మిల్లీసెకన్లు అటూఇటూ పడుతుంది. 60 ఎఫ్‌పీఎస్‌లో ఒక్కో ఫ్రేముకు ఉండే టైము 16.7 మిల్లీసెకన్లే. ఫైలు వచ్చేదాకా గేమ్ ఆగితే రెండుసార్లు వెతికేలోపు ఒక ఫ్రేము పోయినట్టే. పెద్ద సినిమా కాపీ చేసేటప్పుడు సెకనుకు 150 ఎంబీ ఇచ్చే డిస్కే, చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లకొచ్చేసరికి 1 ఎంబీ దగ్గర ఈడుస్తుంది. సాటా ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు, కాబట్టి ఈ వెతుకులాట 0.1 మిల్లీసెకన్లలో అయిపోతుంది.

డబ్బు పెట్టేముందు తప్పు డిస్కుదేనా అని చూసుకోండి. గేమ్ జర్క్ ఇచ్చిన వెంటనే ఆల్ట్ + ట్యాబ్ కొట్టి, ముందే తెరిచిపెట్టుకున్న టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లండి. అక్కడి గ్రాఫు గడిచిన 60 సెకన్లది. ఆల్ట్ + ట్యాబ్ వల్ల కూడా డిస్కు ఒకసారి ఎగురుతుంది, అందుకని కుడి అంచున చివరి రెండు మూడు సెకన్లు వదిలేయండి. అంతకుముందు డిస్కు 100 శాతానికి అతుక్కుని ఉంటే దానికి మందు ఎస్‌ఎస్‌డీయే. మెమరీ 90 శాతం దాటి, డిస్కు కూడా 100లో ఉంటే అసలు రోగం 8 జీబీ ర్యామ్. ర్యామ్ చాలక విండోస్ డిస్కును వాడుకుంటోంది. ముందు 16 జీబీ చేయండి. జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) ఒక్కటే 98 శాతంలో ఉంటే డిస్కు జోలికి పోవద్దు. కొత్త చోటికి వెళ్లినప్పుడు ఒక్కసారే జర్క్ ఇచ్చి, రెండోసారి అదే చోట బాగుంటే అది చాలావరకు షేడర్ల (వెలుగునీడలు, రంగులు గీసే చిన్న ప్రోగ్రాములు) పని, ఎస్‌ఎస్‌డీతో పోదు.

ఇక సాటా, ఎన్‌వీఎంఈల పోటీ. డబ్బా మీద అంకెలు చూస్తే పోటీయే లేదు: సెకనుకు సాటా 550 ఎంబీ, జెన్3 (మూడో తరం) ఎన్‌వీఎంఈ 3500, జెన్4 7000, జెన్5 14000 దాకా. గేమ్‌లో మాత్రం హార్డ్ డిస్కు నుంచి సాటాకు మారినప్పుడు లోడింగులో కనిపించే తేడా, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే కనిపించదు. ఎక్కువ గేమ్‌లలో కొద్ది సెకన్లే. ఫైళ్లు వచ్చాక వాటిని విప్పే పని ప్రాసెసర్‌ది మరి. జీటీఏ ఆన్‌లైన్ లోడింగ్ ఏళ్ల తరబడి అందరినీ ఏడిపించింది. 2021లో తేలిందేమంటే, 10 ఎంబీ టెక్స్ట్ ఫైలును ప్రాసెసర్ తప్పు పద్ధతిలో చదువుతోంది. దాన్ని సరిచేస్తే లోడింగ్ టైము దాదాపు 70 శాతం తగ్గింది, ఎవరి డిస్కూ మారకుండానే.

డైరెక్ట్‌స్టోరేజ్ (డ్రైవు నుంచి గేమ్ డేటాను వేగంగా లాగే మైక్రోసాఫ్ట్ పద్ధతి) వాడే గేమ్‌లలో ఎన్‌వీఎంఈకి పని దొరుకుతుంది. పీసీలో అలా వచ్చిన మొదటి గేమ్ ఫర్‌స్పోకెన్, 2023 జనవరిలో. అదే ఏడాది వచ్చిన స్టార్‌ఫీల్డ్, బాల్డర్స్ గేట్ 3 ఎస్‌ఎస్‌డీ ఉండాలన్నాయి కానీ, ఎన్‌వీఎంఈయే కావాలనలేదు. నా లెక్క ఇది: మదర్‌బోర్డులో ఎన్‌వీఎంఈ స్లాట్ ఉంటే జెన్3 లేదా జెన్4 తీసుకోండి, లేకుంటే సాటాతో బాధపడాల్సిందేమీ లేదు. గేమ్‌ల కోసమే జెన్5 కొనడం డబ్బు దండగ. ఆ తేడాతో 500 జీబీ బదులు 1 టీబీ తీసుకోండి. బాల్డర్స్ గేట్ 3 ఒక్కటే 150 జీబీ అడుగుతుంది, డ్రైవులో కనీసం 15 శాతం ఖాళీ ఉంచకపోతే డేటా రాసే వేగం పడిపోతుంది.

బిగించేటప్పుడు బోల్తా పడేది ఎం.2 దగ్గర, అంటే మదర్‌బోర్డు మీదే గుచ్చే సన్నటి పట్టీలాంటి డ్రైవు దగ్గర. ఆకారం ఒకటే అయినా ఎం.2లో సాటా రకమూ ఉంది, ఎన్‌వీఎంఈ రకమూ ఉంది. రెండు గాట్లుంటే చాలావరకు సాటా, ఒక గాటుంటే ఎన్‌వీఎంఈ. స్లాట్ ఏది తీసుకుంటుందో బోర్డు మాన్యువల్లో చూడండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 నింపితే ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి, పాత హార్డ్ డిస్కు మాయమైందని కంగారు పడకుండా కేబుల్ వేరే పోర్టుకు మార్చండి. హీట్‌సింక్ కింది ప్యాడ్‌కు అంటించిన ప్లాస్టిక్ పొర తప్పకుండా పీకేయండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గదిలోనే ఉక్క చంపేస్తుంటే, పొరతో బిగించిన డ్రైవు 80 డిగ్రీల వైపు పోయి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కొత్త డ్రైవు కనిపించకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో జీపీటీగా ఇనిషియలైజ్ చేసి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేస్తే వస్తుంది.

చాలామంది చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ దాకా పోయి కొంటారు. ధర తగ్గొచ్చు, కానీ వారంటీకి మళ్లీ అంత దూరం పోవాలి. ఎక్కడ కొన్నా జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకుని, ఇంటికి రాగానే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాములో పవర్ ఆన్ అవర్స్ (డ్రైవు ఇప్పటిదాకా నడిచిన గంటలు) చూడండి. కొత్తదానికి వందల గంటలు చూపిస్తే అది వాడి తుడిచిన సరుకు.

ముందు విండోస్‌ను, తర్వాత రోజూ ఆడే రెండు మూడు గేమ్‌లను ఎస్‌ఎస్‌డీలో పెట్టండి. పాత గేమ్‌లు హార్డ్ డిస్కులోనే ఉండనివ్వండి. ఆడాలనిపించినప్పుడు స్టీమ్‌లో గేమ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్, మూవ్ ఇన్‌స్టాల్ ఫోల్డర్ నొక్కితే ఎస్‌ఎస్‌డీలోకి వచ్చేస్తుంది. 100 జీబీ గేమ్‌కు పావుగంట పైన పట్టొచ్చు, చిన్న ఫైళ్లు ఎక్కువైతే ఇంకాస్త. ఆ పావుగంటలో కరెంటు పోతే కాపీ సగంలో ఆగుతుంది కాబట్టి, యూపీఎస్ లేనివాళ్లు కోతల టైము తప్పించి మొదలుపెట్టాలి.