అడాలిముమాబ్ 40 మి.గ్రా. సిరంజి: మందు గట్టిదే, ముందు టీబీ పరీక్ష

ఒంటి రోగనిరోధక శక్తే కీళ్లను వాచేలా చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి, మొదట ఇచ్చే మెథోట్రెక్సేట్ మందు ఒక్కటే చాలనప్పుడు రాసే ఇంజెక్షన్ ఇది. వాచిన కీలు లోపలి పొరలో చేరిన మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే సంకేతాన్ని వదులుతాయి. అది తగలగానే అక్కడి ఫైబ్రోబ్లాస్ట్ (పొరను కట్టే) కణాలు ఐఎల్-6 అనే మరో వాపు సంకేతాన్ని, మృదులాస్థిని కొరికేసే ఎంజైములను పుట్టిస్తాయి. ఐఎల్-6 కాలేయానికి చేరి రక్తపరీక్షలో వాపును చూపే సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను పెంచుతుంది. ఈ మందు టీఎన్‌ఎఫ్‌ను దారిలోనే పట్టేస్తుంది. పొద్దున్నే పిడికిలి బిగుసుకుపోవడం చాలామందికి కొన్ని వారాల్లోనే తగ్గేది అందుకే. అరిగిపోయిన ఎముకను మాత్రం తిరిగి తేలేదు.

రెండు వారాలకోసారి చర్మం కింద వేసుకోవాలి. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఒకసారి గడ్డకడితే కరిగాక కూడా పనికిరాదు. వాడే ముందు పావుగంట నుంచి అరగంట బయట పెట్టండి, వేడినీళ్లలో ముంచొద్దు. తొడ మీద గానీ, బొడ్డుకు 5 సెంటీమీటర్ల అవతల గానీ, ప్రతిసారీ చోటు మార్చండి. సిట్రేట్ అనే లవణం కలిపిన రకం బాగా చురుక్కుమంటుంది, అది లేనిది దొరికితే అదే మేలు.

అసలు భయం టీబీ. ఒంట్లో నిద్రపోతున్న టీబీ క్రిముల చుట్టూ గోడ నిలబెట్టేది కూడా ఈ టీఎన్‌ఎఫే. మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. టీబీకి మాంటూ (చర్మ పరీక్ష) లేదా ఇగ్రా (రక్త పరీక్ష), ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బి పరీక్ష కాకుండా మొదటి సూది వేయించుకోవద్దు.

కొందరిలో నెలలు గడిచాక ఈ మందు మీదే యాంటీబాడీలు పుట్టి పట్టు సడలుతుంది. మెథోట్రెక్సేట్ కొనసాగిస్తే ఆ ముప్పు తగ్గుతుంది. ఖర్చు ఎక్కువే. 2014లో జైడస్ కంపెనీ బయోసిమిలర్ (అసలు మందుకు దాదాపు సమానమైన రకం) తెచ్చాక కొంత దిగింది.