పిల్లాడితో బెజవాడ: బస్సు బంగారం, లాడ్జి మాత్రం జేబుకి చిల్లు

బెజవాడలో పిల్లాడితో తిరగడానికి కారు అక్కర్లేదు, ఈ ముక్క ముందే చెప్పేస్తున్నా. కారు లేదని మేం ఎక్కడా ఇబ్బంది పడలేదు. పడిందల్లా స్టేషన్ దగ్గర లాడ్జీలోనే, ఆ కడుపుమంటతోనే ఇదంతా రాస్తున్నా.

సంక్రాంతి సెలవులు ఇంకా మిగిలున్నాయని రాజమండ్రి నుంచి నేనూ, మా అత్తయ్యగారూ, ఏడేళ్ళ మావాడూ బయల్దేరాం. మా ఆయనేమో కారిస్తా, డ్రైవర్ని మాట్లాడతా అన్నారు, నేనే వద్దన్నా. వన్‌టౌన్‌లో కారుకి చోటు వెతుక్కునే టైమ్‌లో నడిచి వెళ్ళి పని చూసుకుని వచ్చేయొచ్చు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, "వాడిస్తానంటే నీకేంటమ్మా" అని రత్నాచల్ రైలెక్కిన దగ్గర్నుంచీ మొహం ముడుచుకునే ఉన్నారు. దానికి తోడు టికెట్ల గొడవ. పెద్దవాళ్ళ రాయితీ 2020 మార్చిలో ఆపేశాక మళ్ళీ ఇవ్వలేదు కదా, ఆవిడకి ఫుల్లు. సెకండ్ సిట్టింగ్‌లో సీటు తీసుకుంటే పిల్లాడికీ ఫుల్లే. "డెబ్బై ఏళ్ళ దానికీ ఏడేళ్ళ వాడికీ ఒకటే రేటా, బానే ఉంది వీళ్ళ లెక్క" అని ఏలూరు దాకా అదే మాట.

ఇక లాడ్జి. పేరెందుకులెండి, స్టేషన్ నుంచి సామాను మోసుకుంటూ నడిచేంత దూరం. ఫోన్‌లో అడిగితే ఏసీ డబుల్ 1400, ఇరవై నాలుగ్గంటల చెక్అవుట్, "బాబుకేం ఉండదు మేడం, మీ పక్కనే పడుకుంటాడుగా" అన్నాడు. రాత్రి ఏడింటికి వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడితే, అక్కడున్నతను నా ఆధార్ చూడ్డం మానేసి మావాడిని పైనుంచి కిందకి చూసి "బాబుకి ఎన్నేళ్ళు?" అన్నాడు. ఏడు అన్నా. "ఐదు దాటితే ఎక్స్‌ట్రా పర్సన్ మేడం, నాలుగొందలు." ఫోన్‌లో మాట్లాడిందెవరంటే ఆయన డ్యూటీ దిగిపోయాడట. పిల్లాడు అప్పటికే సోఫాలో నిద్రకి ఒరిగిపోయాడు, అత్తయ్యగారు నిలబడలేకపోతున్నారు, ఆ టైమ్‌లో ఇంకో రూము ఎక్కడ వెతుక్కుంటాం, వాళ్ళకీ అదే కావాలి.

సరే, నాలుగొందలకి ఏమిచ్చారయ్యా అంటే, ఓ గంటకి ఒక కుర్రాడు వచ్చి చాపంత పరుపు తలుపు పక్కన పడేసి వెళ్ళాడు. దిండు గలీబు మీద ఎవరిదో తలనూనె గుండ్రంగా మరకై ఉంది, వాసన కూడా. అత్తయ్యగారు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి కారిడార్లో పెట్టి "ఈ డబ్బుకి మా ఊళ్ళో కొత్త బొంత కుట్టిస్తారు" అని తన శాలువా మడతపెట్టి మనవడి తలకింద పెట్టారు. చివరికి వాడు మా ఇద్దరి మధ్యే పడుకున్నాడు, పరుపు గోడకి నిలబెట్టే ఉంది. పొద్దున్న వేడినీళ్ళు బకెట్‌కి 20. తొమ్మిదింటికి తలుపు కొట్టి "పన్నెండుకి ఖాళీ చెయ్యాలి మేడం" అన్నారు. ఇరవై నాలుగ్గంటలు అన్నారు కదా అంటే, పన్నెండు నుంచి పన్నెండుకి ఇరవై నాలుగే కదా మేడం అట! లెక్కలో మాత్రం దిట్టలు.

అసలు మజా బిల్లు దగ్గర. 1400కి 400 కలిపి, దాని మీద 12 శాతం జీఎస్టీ 216, మొత్తం 2016. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7500 లోపు రూములకి 5 శాతమే. అంటే 90 రూపాయలు. ఫోన్‌లో తీసి చూపిస్తే సిస్టమ్‌లో ఇంకా మార్చలేదంటాడు. మార్చకపోతే ఆ మిగతా 126 ఎవరి జేబులోకి వెళ్తున్నాయండీ అని కొంచెం గట్టిగానే అడిగా, పక్కన ఇంకో ఇద్దరు చెక్అవుట్ వాళ్ళు కూడా తమ బిల్లులు తిప్పి చూసుకోవడం మొదలెట్టారు. అప్పుడు గొంతు తగ్గించి "బిల్లు వద్దంటే జీఎస్టీయే తీసేస్తాను మేడం" అన్నాడు. ఆ కాగితం మీద జీఎస్టీ నంబరే లేదు, అదీ సంగతి. 1800 తీసుకుని కాగితం వాడే చింపేశాడు. పిల్లాడి నాలుగొందలు మాత్రం వదల్లేదు.

కాబట్టి పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఫోన్‌లో మాట నమ్మకండి, పిల్లాడి వయసుతో సహా వాట్సాప్‌లో రాయించుకోండి. లేదంటే కన్ఫర్మ్ రైలు టికెట్ ఉంటే స్టేషన్‌లోనే రిటైరింగ్ రూములకి ముందే చూసుకోవడం మేలు. మేం ఆ మధ్యాహ్నమే బస్టాండ్ వైపు మారిపోయాం. 1100, ఏసీ లేదు, జనవరిలో ఏసీ ఎందుకు అసలు. పిల్లాడి ఊసే ఎత్తలేదు, పైగా ఇంకో దిండు అడిగితే నవ్వుతూ తెచ్చిచ్చారు. అత్తయ్యగారి మొహంలో వెలుగొచ్చింది అక్కడే.

ఆటోల సంగతి కూడా చెప్పాలి. స్టేషన్ గేటు ముందు దుర్గమ్మ కొండకి 150 అడిగారు, యాప్‌లో చూస్తే 68. గేటు ముందు బుక్ చేస్తే వాళ్ళకీ వీళ్ళకీ పడదు, నాలుగడుగులు రోడ్డు మీదకెళ్ళి బుక్ చేసుకోండి, ఏ గొడవా ఉండదు. అమ్మవారి దర్శనం బాగా అయింది, ఉచిత లైన్లోనే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెట్లు, ఘాట్ రోడ్డు పెట్టుకోకుండా మహామండపం వైపు వెళ్ళి లిఫ్ట్ ఎక్కండి. గాంధీనగర్ బాబాయి హోటల్లో ఇడ్లీ మీద వెన్న వేసిస్తే ఇంట్లో ఇడ్లీ అంటే పారిపోయే మావాడు ప్లేటు నాకేశాడు, ఇప్పుడు ఇంట్లోనూ వెన్న కావాలట.

బస్సుల గురించి ఎంత రాసినా తక్కువే. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్ళకి ఫ్రీ అని స్త్రీ శక్తి పథకం పెట్టారు కదా, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ ఏదెక్కినా ఆధార్ చూపిస్తే మాకిద్దరికీ సున్నా టికెట్టు. కానీ మావాడు మగాడు, ఐదేళ్ళు దాటాడు, హాఫ్ టికెట్టు కొనాలి. అదే ఆడపిల్లైతే దానికీ ఫ్రీయే. నెహ్రూ బస్టాండ్‌లో సిటీ బస్సు ఎక్కితే కండక్టరు గారు "ఏం బాబూ, వీళ్ళిద్దర్నీ నువ్వే తీసుకెళ్తున్నావా, ఐదు రూపాయలు తియ్యి" అన్నారు. ఇంక చూడండి వాడి దర్జా! చిల్లర వాడే ఇచ్చాడు, టికెట్టు చొక్కా జేబులో పెట్టుకుని పైన గుండీ కూడా పెట్టుకున్నాడు, "నానమ్మా, మీరు ఫ్రీ, నేనొక్కడినే డబ్బులిచ్చా, కాబట్టి కిటికీ నాది" అని తేల్చేశాడు. అప్పట్నుంచి ఆటో అంటే ఒప్పుకోడు, బస్సే. అత్తయ్యగారు కూడా రైల్వే వాళ్ళని తిట్టిన నోటితోనే ఆర్టీసీని మెచ్చుకున్నారు. రద్దీ మాత్రం ఉంది, దాచను. సాయంత్రం బెంజి సర్కిల్ వైపు కాలు పెట్టడానికి చోటుండదు, టికెట్టు కొని నిలబడ్డ మగవాళ్ళ గొణుగుడు కూడా వినాలి. పిల్లలతో అయితే పదకొండు నుంచి నాలుగు మధ్యలో తిరగండి, ఎక్కితే బస్టాండ్‌లోనే ఎక్కండి.

బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం ఆ బస్సులోనే చూసొచ్చాం. విక్టోరియా జూబ్లీ మ్యూజియం అనేవాళ్ళే, 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీ గారికి జెండా చూపించిన చోటు. మావాడికి స్కూల్లో పాఠం ఉంది కాబట్టి కాసేపు బుద్ధిగా ఉన్నాడు. భవానీ ద్వీపం కుదరలేదు, గాలి ఎక్కువుందని ఆ పూట బోట్లు తియ్యలేదు.

నన్నడిగితే మొత్తం మీద బాగున్నది బ్యారేజీ మీద నడక, ఆ తర్వాత ఉండవల్లి. పొద్దున్నే ఏడింటికి ప్రకాశం బ్యారేజీ మీదకెళ్తే ఎండ ఉండదు, పెద్ద బళ్ళు రావు, ఒక కిలోమీటరు పైచిలుకు, ఏడేళ్ళ పిల్లాడు హాయిగా నడుస్తాడు. వాడు గేట్లు లెక్కపెట్టుకుంటూ నడిచాడు, 40 దగ్గర తప్పిపోయి మళ్ళీ వెనక్కి లాక్కెళ్ళాడు. మొత్తం 70 అని చెప్తే "మన ధవళేశ్వరంలో 175 కదా, ఇది చిన్నది" అని పెదవి విరిచాడు, అసలు గోదావరి పిల్లాడు. 2024 వరదల్లో పడవలు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకోవడం టీవీలో చూశాడట, ఏ గేటుకి గుద్దుకున్నాయో అక్కడ చేపలు పట్టే ఆయన్ని అడిగి మరీ చూశాడు.

సీతానగరం వైపు దిగితే ఉండవల్లి గుహలకి షేర్ ఆటో, మనిషికి 20, పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నా కాబట్టి వాడికి అడగలేదు. లాడ్జి వాళ్ళు ఈయన దగ్గర నేర్చుకోవాలి. గుహల టికెట్టు 25, పదిహేనేళ్ళ లోపు పిల్లలకి లేదు. మెట్లు నిటారుగా ఉంటాయి, అత్తయ్యగారు కింద గడ్డిలో కూర్చుండిపోయారు. పైన చీకటి గదిలో అనంతశయనుడు, ఒకే రాయిలో చెక్కిన విగ్రహం, ఐదు మీటర్ల పైనే. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా పాదాలు తప్ప ఏం కనపడలేదు. మావాడు పాదాల దగ్గర్నుంచి తల దాకా అడుగులు వేసి కొలిచి, పదకొండు అని కిందకి పరిగెత్తుకెళ్ళి నానమ్మకి చెప్పాడు. తినేవి చేతిలో పెట్టుకోకండి, కోతులు లాక్కుంటాయి, మా అరటిపళ్ళు అలాగే పోయాయి.

తిరుగు ప్రయాణానికి రైలు వద్దని అత్తయ్యగారే పట్టుబట్టారు, ఎక్స్‌ప్రెస్ బస్సులో కూడా ఆడవాళ్ళకి ఫ్రీయేనని ఆవిడే బస్టాండ్‌లో కనుక్కొచ్చారు. రైలు కంటే చాలాసేపు పడుతుంది, నడుం పట్టేస్తుంది, అయినా వినరే. మాకు రెండు సున్నాలు, మావాడి హాఫ్ టికెట్టు 115. బోర్డు చూసుకుని ఎక్కండి, నాన్‌స్టాప్ అని ఉంటే ఫ్రీ లేదు. మేం ఖాళీ బస్సు ఎక్కాం కాబట్టి ముగ్గురికీ సీట్లు దొరికాయి, ఏలూరులో ఎక్కినవాళ్ళు తాడేపల్లిగూడెం దాకా నిలబడే ఉన్నారు.