చిక్‌పేట ఊలు దుకాణం, నాన్న కార్డిగన్‌కి పద్నాలుగు ఉండలు

బెంగళూరులో ఊలు ఎక్కడ కొంటావని అడిగేవాళ్ళకి ఇకమీదట నేను చెప్పేది ఒక్కటే. చిక్‌పేట మెట్రోలో దిగి, గుండీల కొట్లూ లేసుల కొట్లూ ఉన్న సందులోకి నడిచి, మేడమెట్ల కింద ఉన్న ఆ చిన్న దుకాణానికి వెళ్ళండి. బోర్డు మీద రంగు వెలిసిపోయి పేరు సరిగ్గా కనపడదు కానీ, గుమ్మానికి వేలాడదీసిన లచ్చిలు చూసి గుర్తుపట్టొచ్చు.

నాన్న ఏటా డిసెంబరులో ప్రొద్దుటూరు నుంచి వచ్చి సంక్రాంతి దాకా మా దగ్గరే ఉంటారు. ఇక్కడ తెల్లవారుజామున 15 డిగ్రీలంటే ఆయనకి గట్టి చలి, అయినా వాకింగ్ మానరు. కుడి భుజం పట్టేసినప్పటి నుంచి తల మీదుగా తొడుక్కునే స్వెటర్ వేసుకోవడం కష్టమైపోయింది. అందుకే ముందు గుండీలు పెట్టి, కళ్ళజోడు పెట్టెకీ ఫోనుకీ రెండు జేబులు పెట్టి, రాగ్లాన్ చేతులతో కార్డిగన్ అల్లాలనుకున్నాను. రాగ్లాన్‌లో భుజం మీద అతుకు ఉండదు, చెయ్యి మెడ దగ్గరే మొదలై ఏటవాలుగా చంకలోకి దిగుతుంది, చెయ్యి ఎత్తినా దించినా పట్టెయ్యదు. ఆ పేరు లార్డ్ రాగ్లాన్‌ది, 1815లో వాటర్లూ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్నాడాయన. కార్డిగన్ అన్న పేరు కూడా తర్వాత క్రిమియా యుద్ధంలో ఆయన కింద పనిచేసిన ఇంకో ప్రభువుదే. నాన్న కోసం అల్లుతున్నన్నాళ్ళూ ఆ పోయిన కుడి చెయ్యి చాలాసార్లు గుర్తొచ్చింది.

నిజానికి ఇది రెండోసారి అల్లడం. పోయినేడాది దారం ఆన్‌లైన్‌లో తెప్పించాను, ఎవరి దగ్గరో ఇక్కడ చెప్పను. అన్నీ ఒకే షేడ్ నంబరు, ట్యూబ్‌లైట్ కింద అన్నీ ఒకే గోధుమ రంగు. మూడు వారాలు అల్లి బాల్కనీలో ఆరేస్తే పొట్ట దగ్గర అడ్డంగా గీత గీసినట్టు రంగు మారిపోయింది, పైన కాస్త ఎర్రగా, కింద మట్టిరంగు. అప్పుడు చీటీలు వెతికి చూస్తే మూడు వేర్వేరు లాట్‌లు, అంటే మూడు వేర్వేరు విడతల్లో రంగు వేసిన దారం! ఫోన్ చేస్తే ఉండలు విప్పేశారు కాబట్టి వాపసు లేదన్నారు. ఆ రోజు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఈసారి ఈ దుకాణంలో పెద్దాయన నేను అడక్కముందే, ‘ఎవరికమ్మా, ఎంత సైజు?’ అని తెలుగులోనే అడిగారు. ఛాతీ 40, వదులుగా 44 అంగుళాలు రావాలన్నాను. ముదురు ఆకుపచ్చ తీశారు, సగం ఉన్ని, సగం ఆక్రిలిక్, డీకే మందం (మరీ సన్నం కాదు, మరీ లావు కాదు), 50 గ్రాముల ఉండ 95 రూపాయలు. అంతటితో ఊరుకోలేదు. ప్యాకెట్ చింపి, రెండు ఉండలు తీసుకుని గుమ్మం దాకా నడిచి, ఎండలో పక్కపక్కన పెట్టి నన్ను పిలిచారు. ‘షేడ్ ఒకటే అయినా లాట్ వేరైతే తేడా ఇక్కడ తెలుస్తుంది, లోపల తెలీదు’ అని ఒక్కో చీటీ మీద నంబరు నా చేతే చదివించారు. పద్నాలుగు ఉండల్లో రెండు వేరే లాట్‌వి దొరికాయి, వాటిని తీసేసి వెనక అరలోంచి సరైనవి తెచ్చిచ్చారు. మిగిలిన ఉండ విప్పకుండా తెస్తే వెనక్కి తీసుకుంటానన్నారు, మొన్న ఒకటి తీసుకెళ్తే మారు మాట్లాడకుండా డబ్బులిచ్చేశారు. ఊలు అమ్మేవాళ్ళు చెయ్యాల్సిన పని ఇదీ అనిపించింది.

దారం కూడా బావుంది. 4 మి.మీ. సూది మీద 10 సెం.మీ.కి 22 కుట్లు వచ్చాయి, తడిపి ఆరబెట్టినా అంతే ఉంది. విప్పి మళ్ళీ అల్లితే నూగు లేవలేదు, ఇది నాకు చాలా ముఖ్యం, ఎందుకంటే జేబులు రెండుసార్లు విప్పాను. మొదట పైన అతికించే జేబులు పెట్టి ఫోను వేసి చూస్తే ముందు భాగమంతా కిందికి సాగింది. తర్వాత లోపలి సంచీ ముందే విడిగా అల్లిపెట్టుకుని, జేబు నోటి దగ్గర కుట్లు వేరే దారం మీదకి తీసి, వాటి స్థానంలో సంచీ కుట్లు కలిపి అల్లుకుంటూ పోయాను. ఇప్పుడు బరువు లోపల సర్దుకుంటుంది, బయటికి సన్నటి అంచు మాత్రమే కనిపిస్తుంది. గుండీ పట్టీకి ప్రతి నాలుగు వరుసలకి మూడు కుట్లు చొప్పున ఎత్తుకుంటే ముడతలు రాలేదు. మగవాళ్ళది కాబట్టి కాజాలు ఎడమవైపు.

లోపాలు లేవని కాదు. గుండీలు మాత్రం అక్కడ కొనకండి, ఉన్నవి పలచటి ప్లాస్టిక్‌వి, అంచులు దారాన్ని పట్టుకుంటాయి. పక్క సందులో చెక్క గుండీలు దొరికాయి. అల్లిన పట్టీ చేత్తో తీసుకెళ్ళి కాజాలో దూర్చి చూసుకుని తీసుకున్నాను. సర్క్యులర్ సూదులు, అంటే రెండు సూదుల్ని తీగతో కలిపినవి, పెద్ద సైజులు లేవు. కార్డు తీసుకోరు, యూపీఐ ఉంది. ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళకి చోటుండదు, పైగా సాయంత్రం ఆ సందులో నడవడమే కష్టం.

నాన్న రోజూ అదే వేసుకుని వెళ్తున్నారు. భుజం కదపకుండానే తొడుక్కోగలుగుతున్నారు, అమ్మ సాయం అడగట్లేదు. అమ్మకి ఇప్పుడు మెరూన్ రంగులో కావాలట, పది ఉండలు పక్కన పెట్టమని పెద్దాయనకి చెప్పొచ్చాను. మీరు వెళ్ళేటట్టయితే పన్నెండు లోపే వెళ్ళండి, ఆ తర్వాత ఎదురు మేడ నీడ పడి గుమ్మంలో ఎండ ఉండదు.