పాత ఫోటోలు ‘రిపేరు’కి ఇస్తున్నారా? మా ముంపు ఊరికి జరిగింది చదివి ఇవ్వండి

ట్రంకుపెట్టెలో పాత ఫోటోలున్నవాళ్లు, ఊరి ఫోటోలన్నీ ఒకచోట చేర్చి దాచాలని చూస్తున్నవాళ్లు, దయచేసి ఇది పూర్తిగా చదవండి. మేం 286 ఫోటోలు ఒక ల్యాబుకిచ్చాం. అందులో కొన్ని ఇక ఎప్పటికీ తిరిగిరావు.

మాది శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయిన ఊరు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు పోయాయి. మా ఊరు 1981లో ఖాళీ చేయించారు. ఎండాకాలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడినట్టు మా ఊరి మొండిగోడలు కొన్ని బయటపడతాయి, అంతే. నేను ఆ ఊళ్లో పుట్టలేదు. మా జేజినాయన కూర్చునే అరుగు ఎట్లుండేదో నాకు ఫోటోలోనే తెలుసు.

అందుకే ఇప్పుడు మేముండే కాలనీలోని లైబ్రరీ గదిలో ఒక బీరువా అడిగి తీసుకుని, ఇంటింటికీ తిరిగి ఫోటోలు పోగుచేశాం. రెండేళ్లు పట్టింది. పెండ్లి గ్రూపు ఫోటోలు, పీర్ల పండగ, తేరు, బడిపిల్లలు. అన్నిటికన్నా విలువైనవి మా సైన్సు మాస్టారు ఊరు వదిలే ముందు అగ్ఫా క్లిక్-3 కెమెరాతో తీసినవి. వీధివీధీ తిరిగి, ప్రతి ఇంటి ముందూ ఆ ఇంటివాళ్లను నిలబెట్టి తీశారాయన. అరచేతిలో పట్టే చిన్న చదరపు ప్రింట్లు, నల్ల అట్టల ఆల్బంలో బంకతో అతికించి ఉన్నాయి. గోడల మీద సర్వేవాళ్లు తారుతో వేసిన నంబర్లు కూడా వాటిలో పడ్డాయి. ఎవరి పక్కన ఎవరిల్లు, చావిడి దగ్గర సందు ఎటు తిరిగేది, అన్నీ ఆ నంబర్లు చూసే పెద్దవాళ్లు చెప్పేవారు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలివ్వాలన్న ప్రభుత్వ ఉత్తర్వు జీవో 98 కింద ఉద్యోగం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబాలున్న ఊరు మాది. ఇంటి నంబరంటే మాకెంతో మీరే అర్థం చేసుకోండి.

ల్యాబు పేరు రాయడం లేదు. ఇదే పద్ధతి చాలాచోట్ల చూశాను. ఒక్క పేరు రాస్తే మిగతావాళ్లను నమ్మేస్తారని నా భయం. ఫోటోకి 60 రూపాయలన్నారు. స్కానింగ్, మరకలు తీయడం, ‘లైఫ్‌టైం ప్రొటెక్షన్’ అన్నీ అందులోనే అన్నారు. ఆ ప్రొటెక్షన్ ఏమిటని మేం అడగలేదు. అడగాల్సింది.

నెలన్నరకి డబ్బాలు తిరిగొచ్చాయి. 41 ఫోటోలకు వెనక కొత్త అట్ట అతికించి, లామినేషన్ చేసి ఇచ్చారు. పాత నలుపుతెలుపు ఫోటోలో బొమ్మ ఉండేది కాగితంలో కాదు, దాని మీద పూసిన జెలటిన్ పొరలో. లామినేషన్ మిషన్ వేడికి ప్లాస్టిక్కు మీది జిగురు కరిగి ఆ పొరకు అతుక్కుపోతుంది. మళ్లీ విడదీయాలంటే బొమ్మ కూడా ఊడొస్తుంది. లోపల చెమ్మ ఉంటే అది అక్కడే ఉండిపోయి బూజు పడుతుంది. రేషన్ కార్డుకి లామినేషన్ మంచిదే కావచ్చు, ఫోటోకి మాత్రం కాదు. ఆ అట్టల కింద ఏం పోయిందో ఇంకో బాధ. ఫోటోల వెనక స్టూడియో ముద్రలు, పెన్సిల్‌తో రాసిన పేర్లు, ‘చిన్నక్క పెండ్లికి’ లాంటి మాటలు ఉండేవి. ఇప్పుడవి బంక కింద ఉన్నాయి.

మా పెదనాయన చిన్నతనంలోనే పోయాడు. మా జేజి ప్రతి ఏడూ ఆ రోజున అద్దం ఊడదీసి, ఫోటోకే బొట్టు పెట్టేది. నుదుటి దగ్గర ఎర్రటి చుక్క అట్లే నిలిచిపోయింది. దాన్ని మరక అనుకున్నారు. తడిగుడ్డతో అసలు ఫోటో మీదే తుడిచారు. బొట్టుతోపాటు నుదురూ చెరిగింది. మా జేజి ఇప్పుడు లేదు. ఉండుంటే ఆ ఫోటో ఆమెకు చూపించే ధైర్యం నాకు లేదు.

మాస్టారి ఆల్బం సంగతి ఇంకా ఘోరం. నల్ల అట్ట నుంచి ప్రింట్లు ఊడదీయాలని నీళ్లలో నానబెట్టారు. 19 ప్రింట్లు చిరిగాయి, లేదా పొర లేచి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అసలు ఊడదీయమని మేం అడగనే లేదు. ఆల్బం పేజీ పేజీగా ఉన్నట్టే స్కాన్ చేస్తే సరిపోయేది.

‘ఫైళ్లున్నాయి కదా’ అన్నారు. నిజమే, ఫైళ్లున్నాయి. తెరిచి చూస్తే గోడలు నున్నగా, కొత్తగా సున్నం కొట్టినట్టున్నాయి. తారు నంబర్లు లేవు. కంప్యూటర్‌లో ఏఐతో ‘మరకలు’ తీయించారు, అది నంబర్లనూ మరకల్లో కలిపేసింది. ముసలివాళ్ల ముఖాల్లో ముడతలు పోయి ఎవరివో కళ్లు వచ్చాయి. ఒకామె వాళ్లమ్మ ఫోటో చూసి, ‘ఈమెవరు?’ అని నన్నే అడిగింది. ముందు తీసిన మామూలు స్కాన్ ఇవ్వమంటే, అది ఉంచలేదన్నారు. ఉన్న ఫైళ్లు కూడా ఒక్కోటి నూటయాభై కేబీ లోపే. ఫోన్‌లో చూసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

కాబట్టి ఇచ్చేముందు ఇవి గట్టిగా మాట్లాడుకోండి. వీలైతే కాగితం మీద రాయించుకోండి. అసలు ఫోటోని కత్తిరించకూడదు, అతికించకూడదు, తడపకూడదు, లామినేషన్ చేయకూడదు, వెనక బాల్‌పెన్నుతో రాయకూడదు. పెన్ను ఒత్తితే గీత ముందువైపు లేస్తుంది. వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. ప్రింట్లకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలుగా స్కాన్ చేస్తారన్న లెక్క), చిన్నవాటికి 1200 అడగండి. ఫైలు టిఫ్‌లో (TIFF, బొమ్మ నాణ్యత తగ్గకుండా దాచే ఫైలు రకం) ఉండాలి. నాలుగు బై ఆరు అంగుళాల ఫోటోని 600లో రంగుల్లో స్కాన్ చేస్తే టిఫ్ పాతిక ఎంబీ దాకా వస్తుంది. ఇచ్చిన ఫైలు అందులో నూరో వంతు ఉంటే అక్కడే నిలదీయండి. చేయి పెట్టని స్కాన్ వేరు, బాగుచేసిన ప్రతి వేరు. రెండూ విడివిడిగా రావాలి. మొదటిది లేకుండా రెండోది తీసుకోవద్దు.

అన్నీ ఒకేసారి ఇవ్వడం మేం చేసిన పెద్ద తప్పు. ముందు ఐదు ఇచ్చి చూడండి, అవి కూడా అంత ముఖ్యం కానివి. ఇచ్చేముందు ఫోన్‌తోనైనా ప్రతిదాన్నీ ముందూవెనకా ఫోటో తీసుకోండి. అద్దానికి అంటుకుపోయిన ఫోటోని ఎవరు ఊడదీస్తామన్నా ఇవ్వకండి, అద్దంతోనే తీయించండి. ఇంకా మంచి మార్గం, ల్యాబువాళ్లనే స్కానర్‌తో మీ దగ్గరికి రమ్మనడం. బ్రిటిష్ లైబ్రరీ వాళ్లకు ప్రమాదంలో ఉన్న పాత పత్రాలు, ఫోటోల కోసం ఒక పథకం ఉంది. దాని సాయంతోనే పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ తమిళనాడు పాత స్టూడియోల ఫోటోలను డిజిటల్ చేసింది. అసలు ప్రతులు దేశం దాటకూడదన్నది ఆ పథకం నియమం. మనం కనీసం ఊరు దాటకుండా చూసుకోవచ్చు.

దాచేటప్పుడు జిగురు పేజీల ఆల్బంలు, కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే పీవీసీ కవర్లు వద్దు. పాలిప్రొపిలీన్ కవర్లు గానీ, ఆమ్లం లేని కాగితం గానీ వాడండి. వంటింటి గోడకు, పైకప్పు కారే చోటుకు దూరంగా పెట్టండి.

బిల్లు తప్పక తీసుకోండి. మాకిచ్చింది తెల్లకాగితం చీటీ, దాంతో చాలా తిప్పలు పడుతున్నాం. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు దారి చెబుతారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువుంది. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. మేం వేశాం.

ఇంకో మాట. మాస్టారు ఇప్పుడు లేరు గానీ, ఆయన కూతురు అటకమీద ఒక బిస్కెట్ డబ్బా వెతికి పట్టుకున్నారు. అందులో నెగెటివులున్నాయి. మూత తీస్తే వెనిగర్ వాసన కొట్టింది. ఆ ఫిల్ము చివికిపోవడం మొదలైందన్నమాట, ఆలస్యం చేయడానికి లేదు. ఎవరికీ ఇవ్వలేదు. పాత స్కానర్ ఒకటి కొని, ఆదివారాలు లైబ్రరీలో మేమే చేస్తున్నాం. మొన్న తొమ్మిదోది పూర్తయింది. మా పక్కింటి వాళ్లది. తలుపు పక్కన గోడ మీద 114 స్పష్టంగా ఉంది.