ఉప్పుగాలి ఊళ్లో ఎన్‌క్లోజ్డ్ ట్రైలర్: ఆరేళ్లు వాడాక

పోర్షే 718 కేమన్ స్పోర్ట్స్ కారు కొన్న కొత్తలో మద్రాసు రేస్ ట్రాక్‌కి దాన్ని నడుపుకుంటూనే వెళ్లాను. విశాఖ నుంచి ఇరుంగాట్టుకోట్టై దాకా, 16వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి బంపరు మీద, బానెట్ మీద కంకర లారీల రాళ్లు కొట్టిన మచ్చలు పదకొండు. రెండు రోజులు ట్రాక్ మీద తిప్పాక వెనక టైర్లు నున్నగా అరిగిపోయాయి. తిరుగు ప్రయాణంలో నెల్లూరు దాటగానే వాన పట్టుకుంది. ఆ టైర్లతో, ఆ వానలో, రాత్రంతా లారీల మధ్య పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఇంటికి వచ్చిన వారానికే, కారుని లోపల పెట్టి ఇంకో బండితో లాక్కెళ్లే మూసిన పెట్టె, అంటే ఎన్‌క్లోజ్డ్ ట్రైలర్ కోసం వెతకడం మొదలుపెట్టాను.

2020 జనవరిలో ట్రైలర్ చేతికొచ్చింది. రెండు ఇరుసులది. లోపల పొడవు 5.5 మీటర్లు, వెడల్పు 2.1 మీటర్లు, ఖాళీగా 1,150 కిలోలు. బయటి రాష్ట్రంలో ఆర్డరిచ్చి చేయించాను. ఆ తర్వాత మార్పులన్నీ గాజువాక ఆటోనగర్‌లో ఒక బాడీ బిల్డింగ్ షెడ్డులో జరిగాయి. ఇప్పటికి మద్రాసు ట్రాక్‌కి పద్నాలుగు సార్లు, కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వేకి రెండు సార్లు వెళ్లి వచ్చింది. లాగేది డీజిల్ పికప్.

కొనేవాళ్లు అందరూ ముందు అడిగేది పొడవు ఎంత అని. నేనూ అదే అడిగాను. నిజానికి పొడవుతో నాకు ఏ ఇబ్బందీ రాలేదు, ఇబ్బంది పెట్టింది వెడల్పు. కేమన్ వెడల్పు అద్దాలు కాకుండా 1,801 మిల్లీమీటర్లు. 2.1 మీటర్ల పెట్టెలో సరిగ్గా మధ్యలో నిలబెడితే ఒక్కో పక్క మిగిలేది పదిహేను సెంటీమీటర్లే. అంత సందులో కారు తలుపు తెరుచుకోదు. అందుకే ట్రైలర్ పక్కన ఎస్కేప్ డోర్ ఉంటుంది. అది తెరిస్తే కారు తలుపు బయటికి తెరుచుకుని డ్రైవరు దిగగలడు. అయితే ట్రైలర్ డిజైన్లు చాలావరకు ఎడమ స్టీరింగ్ దేశాల నుంచి వచ్చినవి కాబట్టి ఆ తలుపు ఎడమ పక్కన ఉంటుంది. మన స్టీరింగ్ కుడి పక్కన. ఆర్డరిచ్చేటప్పుడు ఈ ఒక్క సంగతి నాకు తట్టలేదు. మొదటి ఆరు నెలలు కారు ఎక్కించిన ప్రతిసారీ గేర్ మీదుగా పక్క సీట్లోకి పాకి దిగేవాణ్ని. దీనికి పరిష్కారం తర్వాత అనుకోకుండా దొరికింది, చెప్తాను.

ఇంకో చిన్న కొలత కూడా చూసుకోవాలి. ట్రైలర్ చక్రాలు పెట్టెకు పక్కన ఉంటే లోపల వాటిని కప్పే వీల్ బాక్సులు పొడుచుకొస్తాయి. స్పోర్ట్స్ కారు తలుపు అడుగు చాలా కిందకి ఉంటుంది, అది వెళ్లి వీల్ బాక్సుకి తగులుతుంది. చక్రాలు ఫ్లోర్ కింద ఉంటే బాక్సుల గొడవ లేదు కానీ ఫ్లోర్ ఎత్తు పెరిగి ర్యాంప్ నిటారుగా అవుతుంది. నేను మొదటి రకమే తీసుకున్నాను. ఎడమ వీల్ బాక్సు పైభాగం ఊడదీసి పెట్టుకునేలా షెడ్డులో చేయించాను. మళ్లీ కొన్నా ఇదే రకం కొంటాను.

ఇక బరువు. రెండో ప్రయాణంలో తుని దాటాక ఒక ఏసీ బస్సు వేగంగా పక్కనుంచి వెళ్లింది. ఆ గాలి తోపుకి ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. ఒక ఊపు, ఇంకో ఊపు, ప్రతి ఊపుకీ పికప్ వెనక భాగం కూడా పక్కకి జరుగుతోంది. అప్పుడు బ్రేకు తొక్కకూడదు. స్టీరింగ్ ఎదురు తిప్పకూడదు. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, వేగం తనంతట తాను పడేదాకా ఆగాలి. అది ముందే చదివి ఉండటం వల్లే ఆ రోజు బయటపడ్డాను. అన్నవరం దగ్గర ఆపి పక్కన కూర్చున్న మా బావమరిదిని చూస్తే మాట రావడం లేదు. ఇద్దరం కాసేపు ఊరికే కూర్చున్నాం.

తిరిగొచ్చాక ట్రైలర్‌ని కాటాకి తీసుకెళ్లాను. ఎవరైనా చేయగలిగే పని ఇది. ముందు పికప్ నుంచి విడదీసి, లోడుతో ఉన్న ట్రైలర్ మొత్తాన్ని కాటా మీద నిలబెట్టి తూకం వేయించాలి. తర్వాత పికప్‌కి తగిలించి, పికప్ కాటా బయట ఉండేలా, ట్రైలర్ చక్రాలు మాత్రం కాటా మీద ఉండేలా మళ్లీ తూకం. రెంటికీ తేడా ఎంతో, హిచ్ బాల్ (ట్రైలర్‌ని తగిలించే పికప్ వెనక గుండు) మీద అంత బరువు ఆనుతోందన్నమాట. నాది మొత్తం 2,700 కిలోలు: ట్రైలర్ 1,150, కారు 1,365, ట్రాక్ టైర్లు, టూల్స్ కలిపి 185. రెండో తూకం 2,570. అంటే బాల్ మీద ఉన్నది 130 కిలోలు, ఐదు శాతం కూడా లేదు. ఇలాంటి ట్రైలర్‌కి మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ముందుకి ఆనాలి. తక్కువైతే తోక ఊపుతుంది, అదే జరిగింది.

ఎందుకు తక్కువైందంటే, కేమన్‌లో ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది. వెనక ఇరుసు మీదే ఎక్కువ బరువు. నేను ముక్కు ముందుకి పెట్టి ఎక్కించడంతో ఆ బరువంతా ట్రైలర్ వెనక చివరకి చేరింది. పైగా ముందు గోడకి టూల్ బీరువా కోసం చోటు వదిలాను. ఆటోనగర్ షెడ్డులోనే కారుని రివర్స్‌లో ఎక్కించి, వీల్ స్టాపర్లను ముప్పై సెంటీమీటర్లు ముందుకి జరిపించి, మళ్లీ కాటాకి వెళ్లాం. ఈసారి బాల్ మీద 280 కిలోలు. పది శాతం దాటింది. లాగే బండి మాన్యువల్‌లో బాల్ మీద ఎంత ఆనవచ్చో విడిగా రాసి ఉంటుంది, లాగే బరువుతో పాటు దాన్నీ చూసుకోవాలి. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ట్రైలర్ ఊగలేదు. రాజమండ్రి దగ్గర గోదావరి బ్రిడ్జి మీద అడ్డగాలి తగిలినా బండి కొద్దిగా పక్కకి వాలినట్టు అనిపిస్తుందే తప్ప ఊపు రాదు. నా వేగం మాత్రం డెబ్బై దాటదు.

రివర్స్‌లో ఎక్కించేసరికి డ్రైవరు తలుపు ట్రైలర్ ఎడమ పక్కకి వచ్చింది! ఎస్కేప్ డోర్ సరిగ్గా అక్కడే ఉంది. మన రోడ్ల మీద ఎడమ పక్క అంటే రోడ్డు మార్జిన్ వైపు, లారీలు పోయే వైపు కాదు. కుడి పక్కన ఇంకో తలుపు కోయిద్దామని కొలతలు కూడా తీయించినవాణ్ని, ఆ పని మానేశాను.

ఇప్పుడు విశాఖలో అన్నింటికంటే పెద్ద సమస్య, చెమ్మ. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే.

ట్రైలర్ కొన్న రెండు నెలలకి లాక్‌డౌన్ వచ్చింది. పెదవాల్తేరులో మా బంధువుల ఖాళీ స్థలంలో, సముద్రానికి నాలుగు వందల మీటర్ల దూరంలో, కారు లోపలే ఉండగా అది మూసి ఉండిపోయింది. భద్రంగా ఉందనే అనుకున్నాను. జూన్ చివర తలుపు తీస్తే పైకప్పు రేకు లోపలి వైపంతా నీటిబొట్లు. స్టీరింగ్ తోలు మీద తెల్లటి బూజు. బ్రేక్ డిస్కులు ఇటుక రంగులో ఉన్నాయి. పార్కింగ్ బ్రేక్ పట్టేసి వెనక చక్రాలు కదల్లేదు. కారుకి కప్పిన గుడ్డ కవరుని పిండితే నీళ్లు వచ్చేట్టుంది. దుమ్ము పడకూడదని నేనే కప్పాను దాన్ని. ఆ సాయంత్రం ఎంత బాధపడ్డానో మాటల్లో చెప్పలేను.

మూసిన పెట్టె రాళ్లని ఆపుతుంది, ఎండని ఆపుతుంది, గాలిలో ఉన్న తేమని ఆపలేదు. పగలు రేకు వేడెక్కితే లోపలి గాలి ప్లైవుడ్‌లోంచి, కార్పెట్‌లోంచి చెమ్మ పీల్చుకుంటుంది. రాత్రి రేకు చల్లబడగానే ఆ చెమ్మంతా బొట్లుగా మారి కారు మీద పడుతుంది. రోజూ ఇదే తంతు. గాలిలో తేమ అరవై శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది, మన తీరంలో అరవైకి తగ్గే రోజులు తక్కువ. దానికి ఉప్పు తోడైతే ఇంకా ఘోరం. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ ముప్పై మూడు శాతం తేమ దగ్గరే నీటిని లాక్కుంటుంది. అంటే ఉప్పు పట్టిన బోల్టు మనకి పొడిగా కనిపించే రోజున కూడా తడిగానే ఉంటుంది.

షెడ్డు మేస్త్రి అడుగున చూసి ఒకటే మాట అన్నాడు: "ఉప్పు కడక్కుండా ఎన్ని పెయింట్లు ఏసినా ఏటి లాభం సార్? లోపల్నించి తినేస్తాది." అక్షరాలా నిజం. అప్పటి నుంచి ప్రతి ప్రయాణం తర్వాత మంచినీళ్లతో ట్రైలర్ అడుగు భాగం కడగడం తప్పనిసరి చేశాను. బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట కడిగితే ఉపయోగం లేదు.

చేయించిన మార్పుల్లో నిజంగా పనిచేసినవి ఇవి. ముందు గోడ కింద రెండు, వెనక పైన రెండు గాలి జాలీలు పెట్టించి, పైకప్పుకి చిన్న సోలార్ పలకతో నడిచే ఫ్యాన్ బిగించాం. కింద నుంచి గాలి లోపలికి వచ్చి పై నుంచి పోతుంది. గుడ్డ కవరు తీసేశాను, లోపల అవసరమే లేదు. సిలికా జెల్ సంచులు కారు క్యాబిన్‌లో మాత్రం పెడతాను, అంత పెద్ద పెట్టెకి అవి ఏ మూలకీ చాలవు. తడి కారుని ఎక్కించాల్సి వస్తే ఇంటికి రాగానే ర్యాంప్ దించి ఒక పూట ఆరబెడతాను. పార్క్ చేసి వదిలేసేటప్పుడు పార్కింగ్ బ్రేక్ వేయను, చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టి స్ట్రాపులు బిగిస్తాను. అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది చోటు మార్చడం. సముద్రపు ఉప్పు తుంపర ఒడ్డు నుంచి లోపలికి వెళ్లేకొద్దీ త్వరగా తగ్గిపోతుంది. ఇప్పుడు ట్రైలర్ ఆనందపురం వైపు ఒక షెడ్డులో ఉంటోంది. నాలుగేళ్లలో బూజు మళ్లీ రాలేదు.

కొత్తగా చేయించేవాళ్లు చట్రానికి హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత వేయడం) అడగండి. నాది పెయింట్ చట్రం, వెల్డింగ్ అతుకుల దగ్గర మూడో ఏటికే పొక్కులు లేచాయి. అల్యూమినియం రేకు నేరుగా ఇనుప ఫ్రేము మీద కూర్చోకూడదు. ఉప్పు తడిలో ఆ రెండు లోహాలూ కలిసిన చోట అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. మధ్యలో రబ్బరు టేపు వేయించాలి. ఇది చేసేటప్పుడు పదినిమిషాల పని, చేశాక మార్చాలంటే రేకంతా విప్పాలి.

ర్యాంప్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ట్రైలర్‌తో వచ్చిన ర్యాంప్ మీద కేమన్ ముందు పెదవి నేలకి రాసుకుంటుంది. మీటరున్నర పొడవు చెక్క పలకలు రెండు ర్యాంప్ చివర కలిపితే వాలు తగ్గి సరిపోయింది. రివర్స్‌లో ఎక్కించేటప్పుడు వెనక ఒక మనిషి ఉండి చెయ్యి చూపించాలి, కెమెరాని నమ్ముకోవద్దు. కారు కట్టడం మాత్రం టైర్ల మీదుగా వేసే స్ట్రాపులతోనే. చట్రానికి కడితే గుంత తగిలినప్పుడల్లా స్ప్రింగులు నొక్కుకుని స్ట్రాపు వదులవుతుంది. టైరుకి కడితే కారు తన సస్పెన్షన్ మీద తాను ఊగుతుంది, కట్టు కదలదు. అనకాపల్లి దగ్గర ఆపి ఒకసారి బిగించుకుంటాను, అప్పుడే చక్రాల నట్లు కూడా చూస్తాను.

టైర్ల విషయంలో ఒక దెబ్బ తిన్నాను. 2024 మేలో ఒంగోలు దగ్గర మిట్టమధ్యాహ్నం ఒక టైరు పేలింది. గాట్లు కొత్తవిలాగే ఉన్నాయి. పక్కన చూస్తే 3019 అని ఉంది, అంటే 2019లో ముప్పయ్యో వారంలో తయారైంది. ట్రైలర్ టైర్లు అరగకముందే ముసలివవుతాయి, ఎండలో నిలబడి నిలబడి. రెండు ఇరుసులు ఉండబట్టి పక్క చక్రం బరువు మోసింది, కారుకి గీత పడలేదు. ఒకే ఇరుసు ట్రైలర్ ఎంత చవగ్గా వచ్చినా కారు కోసం తీసుకోవద్దు. ప్రతి హాల్టులో నాలుగు హబ్బుల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తాను. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే బేరింగ్‌లోనో బ్రేకులోనో ఏదో తేడా ఉన్నట్టు. లైట్ల ప్లగ్గు పిన్నులు మన గాలికి ఆకుపచ్చగా మారతాయి, గ్రీజు రాసి మూత పెట్టి ఉంచాలి. బాల్, దాని మీద కూర్చునే ట్రైలర్ కప్లర్ ఒకే కొలతవి కావాలి. 50 మిల్లీమీటర్లది, రెండు అంగుళాలది చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ రెండు అంగుళాలంటే 50.8.

బ్రేకులు నావి ఓవర్‌రన్ రకం, ట్రైలర్ ముందుకి తోస్తే వాటంతటవే పడతాయి. హైవే మీద బాగా పనిచేస్తాయి. దిగుడు రోడ్డులో మాత్రం ట్రైలర్ తోస్తూనే ఉంటుంది, బ్రేకు పడుతూనే ఉంటుంది, వేడెక్కిపోతుంది. అందుకే అనంతగిరి ఘాట్‌లో అరకు వైపు ఎప్పుడూ తీసుకెళ్లలేదు. ఆ రోడ్డు కారులో నడపాల్సిన రోడ్డు కూడా.

మన చట్టం నిర్వచనంలోనే ట్రైలర్ కూడా మోటారు వాహనం. కాబట్టి దానికి విడిగా రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉండాలి. డబ్బు కట్టకముందే తయారీదారు నుంచి ఆ కాగితాలు ఏమేమి వస్తాయో రాయించుకోండి. సిటీలో అపార్ట్‌మెంట్ గేట్లు, వేలాడే కేబుళ్లు ఇబ్బంది పెడతాయి. ఆనందపురం, పెందుర్తి మీదుగా అనకాపల్లికి ఆరు వరుసల బైపాస్ వచ్చాక మద్రాసు వెళ్లడానికి ఊళ్లోకి దిగే పనే లేదు, షెడ్డు అక్కడ తీసుకోవడానికి అదీ ఒక కారణం. డీజిల్ మాటకొస్తే ఖాళీ పికప్ పన్నెండు ఇచ్చే చోట ట్రైలర్‌తో ఏడున్నర, ఎనిమిది ఇస్తుంది.

ఏడాదికి ఒకటి రెండు సార్లు కారు పంపేవాళ్లకి మూసిన బాడీ ఉన్న కారు క్యారియర్ లారీ అద్దెకి తీసుకోవడమే మంచిది. ట్రైలర్‌ని కడగాలి, గాలి ఆడనివ్వాలి, టైర్లు మార్చాలి, నిలబెట్టడానికి చోటు కావాలి. మూడు నాలుగు సార్లు ట్రాక్‌కి వెళ్లేవాళ్లు, కారుకి ఏదైనా అయితే అక్కడే వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోవాలనుకునేవాళ్లు తీసుకోండి. రెండేళ్ల కిందట ట్రాక్ మీద రేడియేటర్ పగిలినప్పుడు కారుని తాడు చుట్టి లాగే విన్చ్‌తో లోపలికి లాక్కుని ఆ రాత్రే బయల్దేరాం. మర్నాడు మధ్యాహ్నానికి విశాఖలో ఉన్నాం. ఆ ఒక్క ప్రయాణంతోనే నా మటుకు ఖర్చు వసూలైపోయింది.

ఈ వారం ర్యాంప్ ప్లైవుడ్ మారుస్తున్నారు. కొత్త పలకల నాలుగు అంచులకీ ఎపాక్సీ పట్టించి, పూర్తిగా ఆరాకే బిగించమని మేస్త్రికి చెప్పాను. పాతదానికి పై ముఖానికే పట్టించారు, మెత్తబడింది అంచుల దగ్గరే.